కెల్విన్ నుంచి ఫారెన్‌హీట్‌కి, ఫారెన్‌హీట్ నుంచి కెల్విన్‌కి: లెక్క తప్పకుండా మార్చుకోవడం ఎలా?

మొన్న మా వీధి చివర పిన్నిగారు ఎల్‌ఈడీ బల్బు పెట్టె పట్టుకుని వచ్చారు. పెట్టె మీద 6500 అంకె, దాని పక్కన కెల్విన్ గుర్తు ఉన్నాయి. “మాస్టారూ, కెల్విన్ అంటే వేడే కదేటి? ఇంత వేడిది తగిలిస్తే ఇల్లు ఉంటాదేటి?” అని అడిగారు.

ప్రశ్న చక్కగా ఉంది. 6500 కెల్విన్‌ని ఫారెన్‌హీట్‌లోకి మారిస్తే సుమారు 11,240 డిగ్రీలు. బల్బు అంత వేడెక్కదు. ఒక వస్తువును అంత వేడికి తీసుకెళ్తే ఏ రంగు వెలుగు వస్తుందో, ఈ బల్బు ఆ రంగు వెలుగు ఇస్తుందని మాత్రమే ఆ అంకెకు అర్థం. తెల్లగా, కొంచెం నీలంగా ఉంటుంది. 3000 అని రాసి ఉంటే పసుపు ఛాయలో ఉంటుంది. పిన్నిగారికి వెలుగు సంగతి అర్థమైంది కానీ, “ఆ పదకొండు వేలు ఎలాగొచ్చింది?” అని అక్కడే కూర్చున్నారు. ఆవిడకు చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

శ్రీకాకుళంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్ చెబుతుంటాను. ఉష్ణోగ్రత పాఠం వచ్చినప్పుడల్లా నేను చూసేది ఒకటే. పిల్లలకు సూత్రం నోటికి వస్తుంది, గుణకారమూ వస్తుంది. తప్పేది రెండు చోట్ల. ఏది ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి అన్నది ఒకటి. అడిగింది ఉష్ణోగ్రతా, ఉష్ణోగ్రతలో తేడానా అన్నది రెండోది. ఈ రెండూ సరిచేసుకుంటే మిగిలింది చేతి లెక్కే.

ముందు రోడ్డు చూడండి

ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వైపు ఇద్దరు నడుస్తున్నారనుకోండి. మొదటివాడు కెల్విన్. పొడుగు మనిషి, పెద్ద అంగలు వేస్తాడు, ఇచ్ఛాపురం దగ్గరే సున్నా పెట్టుకుని లెక్క మొదలెడతాడు. రెండోవాడు ఫారెన్‌హీట్. చిన్న అంగలు వేస్తాడు. వాడి సున్నా ఇచ్ఛాపురంలో లేదు, ఎక్కడో పలాస దగ్గర ఉంది. పలాస దాటాక ఒకటి, రెండు అని లెక్కపెడతాడు. పలాసకు వెనక ఉన్న ఊళ్ళన్నిటికీ మైనస్ పెడతాడు.

కెల్విన్ వేసే ఒక్క అంగ ఫారెన్‌హీట్‌కి 1.8 అంగలు. ఇచ్ఛాపురం నుంచి ఫారెన్‌హీట్ సున్నా దాకా చిన్న అంగల్లో కొలిస్తే 459.67. మొత్తం విషయం ఈ రెండు అంకెల్లో ఉంది. 1.8 అంగ పొడవుకు సంబంధించినది, 459.67 సున్నా ఎక్కడ పెట్టామన్నదానికి సంబంధించినది.

పోలిక ఒకచోట చెల్లదు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా ఉంది, కెల్విన్ సున్నాకి అవతల మాత్రం ఏమీ లేదు. అంతకన్నా చల్లన ఉండదు. సెల్సియస్‌లో అది మైనస్ 273.15, ఫారెన్‌హీట్‌లో మైనస్ 459.67.

ఆ అంకెలు ఎక్కడివి?

బట్టీ పట్టకుండా ఒక్కసారి రాబట్టి చూడండి, ఇంక మర్చిపోరు. మంచు కరిగే చోటు నుంచి నీళ్ళు మరిగే చోటు దాకా కెల్విన్‌లో 100 భాగాలు (273.15 నుంచి 373.15). అదే దూరం ఫారెన్‌హీట్‌లో 180 భాగాలు (32 నుంచి 212). 180ని 100తో భాగిస్తే 1.8.

ఇప్పుడు మంచు కరిగే చోట నిలబడి వెనక్కి చూడండి. అక్కడి నుంచి పరమ శూన్యం (కెల్విన్ సున్నా) దాకా పెద్ద అంగలు 273.15. చిన్న అంగల్లో 273.15 × 1.8 = 491.67. కానీ ఫారెన్‌హీట్ మంచు దగ్గరే 32 అంటాడు, అంటే వాడి సున్నా మంచుకి 32 అంగలు వెనక ఉంది. 491.67లోంచి 32 తీసేస్తే 459.67. అంతే.

ఈ 32 ఏమిటని పిల్లలు విసుక్కుంటారు. డేనియల్ గేబ్రియల్ ఫారెన్‌హీట్ 1686లో పుట్టాడు. 1724లో తన స్కేలు గురించి రాస్తూ మంచు, నీళ్ళు, నవాసారం కలిపిన మిశ్రమాన్ని సున్నాగా చెప్పాడు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్ళు వాడే నవాసారమే అది. ఆ మిశ్రమం ఉత్త మంచుకన్నా చల్లగా ఉంటుంది కాబట్టి ఉత్త మంచు 32 దగ్గరకు వచ్చింది. కెల్విన్ స్కేలు ఆలోచన 1848 నాటిది. విలియం థామ్సన్ ప్రతిపాదించాడు, లార్డ్ కెల్విన్ అన్న బిరుదు ఆయనకు చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది.

కెల్విన్ నుంచి ఫారెన్‌హీట్‌కి

ఫారెన్‌హీట్ = కెల్విన్ × 1.8 − 459.67

ముందు గుణించాలి, తర్వాత తీసేయాలి. పెద్ద అంగల్ని చిన్న అంగలుగా మార్చాకే చిన్న అంగల్లో కొలిచిన 459.67ని తీసేయగలం. తిరగేసి, ముందు తీసేసి తర్వాత గుణిస్తే 300 కెల్విన్ కాస్తా మైనస్ 287 అవుతుంది. మామూలు గది వేడి అది! ఆ గదిలో ఎవరూ బతకరు.

1.8తో గుణించడానికి కాలిక్యులేటర్ అక్కర్లేదు. రెట్టింపు చేసి, వచ్చినదాంట్లో పదో వంతు తీసేయండి. అదే 1.8 రెట్లు. ఒంటి వేడి 310.15 కెల్విన్ తీసుకుందాం.

రెట్టింపు చేస్తే 620.30. పదో వంతు 62.03. తీసేస్తే 558.27. అందులోంచి 459.67 పోతే 98.60. డాక్టరు ‘నార్మల్’ అనే అంకె కాగితం మీదకు వచ్చేసింది.

నోటి లెక్కకైతే 459.67 బదులు 460 వాడుకోండి. 300 కెల్విన్ అంటే 600, దాంట్లోంచి 60 పోతే 540, అందులోంచి 460 పోతే 80. అసలు జవాబు 80.33. మాటల్లో చెప్పడానికి ఆ మూడో వంతు డిగ్రీ ఎవరికి కావాలి?

ఇప్పుడు పిన్నిగారి బల్బు. 13,000లోంచి 1,300 తీసేస్తే 11,700. 459.67 తీసేస్తే 11,240.33. ఆ .33 మాత్రం రాయకండి. 6500 అన్నదే గుండ్రంగా ఇచ్చిన అంకె, దాని మీద పాయింటు తర్వాత రెండు అంకెల జవాబు రాయడం గోనె సంచిలో ధాన్యాన్ని బంగారం త్రాసులో తూచినట్టు ఉంటుంది. సుమారు 11,240 చాలు.

అరసవల్లిలో మార్చిలోనూ అక్టోబరులోనూ స్వామి పాదాలు తాకే కిరణాలు బయల్దేరిన సూర్యుడి ఉపరితలం దాదాపు 5772 కెల్విన్. అదే పద్ధతిలో మీరే చేయండి. 9,930 దగ్గర తేలాలి.

ఫారెన్‌హీట్ నుంచి కెల్విన్‌కి

కెల్విన్ = (ఫారెన్‌హీట్ + 459.67) ÷ 1.8

ఇక్కడ వరుస తిరగబడుతుంది. ముందు కలపాలి, తర్వాత భాగించాలి. ఎందుకని అడిగితే విజయనగరం వెళ్ళే రద్దీ బస్సు గుర్తు చేస్తాను. చివర ఎక్కినవాడు తలుపు దగ్గరే వేలాడుతుంటాడు, దిగేటప్పుడు వాడు దిగితేగాని లోపలివాళ్ళు కదల్లేరు. వెళ్ళేటప్పుడు చివర చేసిన పని 459.67 తీసేయడం, కాబట్టి వెనక్కి వచ్చేటప్పుడు ముందు దాన్ని కలపాలి.

1.8తో భాగించడానికి కూడా నోటి దారి ఉంది. సగం చేయండి, ఆ సగంలో తొమ్మిదో వంతు దానికే కలపండి. పిల్లాడికి జ్వరం 102 ఉందనుకోండి. మన ఇళ్ళలో జ్వరం 102 అంటే ఫారెన్‌హీట్, ఎండ 42 అంటే సెల్సియస్. ఎవరూ స్కేలు పేరు చెప్పరు, ఎవరూ పొరబడరు. అది మన అలవాటు గొప్పతనం.

102కి 459.67 కలిపితే 561.67. సగం 280.835. దాంట్లో తొమ్మిదో వంతు 31.204. రెండూ కలిపితే 312.04 కెల్విన్.

1.8తో భాగించడమన్నా, 5తో గుణించి 9తో భాగించడమన్నా ఒకటే. ఇదే లెక్క ఫోనులో చేసేటప్పుడు జాగ్రత్త. 102 + 459.67 × 5 ÷ 9 అని వరసగా నొక్కేస్తే, ఫోను ముందు గుణకార భాగహారాలు చేసి ఆఖర్న కూడిక చేస్తుంది. 357.37 చూపిస్తుంది. అది సెల్సియస్‌లో 84 డిగ్రీలు, పిల్లాడు ఉడికిపోయినట్టే. కలపగానే ఒకసారి సమానం గుర్తు నొక్కి, తర్వాత 1.8తో భాగించండి. ఎక్సెల్ షీట్లో రాసేటప్పుడు కూడిక చుట్టూ బ్రాకెట్లు పెట్టండి.

ఐదు బై తొమ్మిదిని 0.55 అని రాసుకునేవాళ్ళూ ఉన్నారు. 561.67 × 0.55 అంటే 308.92. జ్వరంతో ఉన్న పిల్లాడు చల్లబడిపోయాడు! చిన్న చిన్న అంకెల మీద పెద్దగా తేడా పడదు కానీ, కెల్విన్‌లో అంకెలు మామూలుగా వందల్లో ఉంటాయి కాబట్టి గుణకాన్ని కత్తిరిస్తే జవాబు మూడు కెల్విన్‌లు జారిపోతుంది. 1.8తో భాగించడమే క్షేమం.

ఇంకో ఉదాహరణ ఇంట్లో జరిగిందే. అమెరికాలో ఉన్న మా మేనకోడలు జనవరిలో ఫోన్ చేసి, “మామయ్యా, ఇక్కడ 14 డిగ్రీలు, బయటికి రాలేకపోతున్నాం” అంది. పక్కన మా అమ్మ, “14కే అంత వణికిపోతాదేటి, అరకులో అంతకన్నా చలి ఉంటాది” అని తేల్చేసింది. అక్కడి 14 ఫారెన్‌హీట్. 14కి 459.67 కలిపితే 473.67, సగం 236.835, తొమ్మిదో వంతు 26.315, మొత్తం 263.15 కెల్విన్. మంచు కరిగే 273.15కి సరిగ్గా పది తక్కువ, అంటే మైనస్ 10 సెల్సియస్. అమ్మకు కెల్విన్ చెప్పలేదు. “గడ్డకట్టే చలికి ఇంకా పది కింద” అన్నాను. “అయ్యో గుంట, స్వెటర్ ఏసుకోమను” అంది.

తేడా అడిగితే 459.67 జోలికి పోకండి

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది, కాస్త నిదానంగా చెబుతాను. డిగ్రీ చదివే రోజుల్లో ల్యాబ్‌లో నీళ్ళు వేడిచేసే ప్రయోగం. ఉష్ణోగ్రత 20 కెల్విన్‌లు పెరిగింది. రికార్డులో ఫారెన్‌హీట్‌లో కూడా రాయమన్నారు. నాకు సూత్రం బాగా వచ్చు కదా, 20 × 1.8 − 459.67 చేసి, ‘పెరుగుదల: మైనస్ 423.67’ అని అందంగా రాసి, కింద గీత కూడా గీశాను. మా లెక్చరర్ గారు రికార్డు చూసి, “స్టవ్ మీద పెడితే నీ నీళ్ళు ద్రవ హైడ్రోజన్ అంత చల్లబడ్డాయేటి నాయనా?” అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆయన వెక్కిరింపులో కూడా లెక్క తప్పలేదు. ద్రవ హైడ్రోజన్ ఉండేది ఆ 20 కెల్విన్ దగ్గరే.

తప్పు ఎక్కడుంది? రోడ్డు మీద మనిషి ఎక్కడున్నాడని అడిగితే సున్నా ఎక్కడో కావాలి. ఎంత దూరం నడిచాడని అడిగితే సున్నాతో పని లేదు, అంగల పొడవు చాలు. 20 పెద్ద అంగలు అంటే 20 × 1.8 = 36 చిన్న అంగలు. నేను రాయాల్సింది 36 ఫారెన్‌హీట్ డిగ్రీల పెరుగుదల.

టీకాలు దాచే ఫ్రిజ్‌తో సరిచూసుకోవచ్చు. అందులో 2 నుంచి 8 సెల్సియస్ మధ్య ఉంచాలి. కెల్విన్‌లో 275.15 నుంచి 281.15, తేడా 6. ఫారెన్‌హీట్‌లో 35.6 నుంచి 46.4, తేడా 10.8. 6 × 1.8 కూడా 10.8. రెండు దారులూ ఒకేచోట కలిశాయి.

ప్రశ్నలో ‘పెరిగింది’, ‘తగ్గింది’, ‘తేడా’, ‘ఒక్కో కెల్విన్‌కి’ అన్న మాటలు కనబడితే 459.67ని పక్కన పెట్టేయండి.

273తో పరీక్ష రాసేవాళ్ళకు

ఇంటర్ లెక్కల్లో చాలాసార్లు 273.15 బదులు 273 వాడతారు. వాడుకోండి, తప్పులేదు. కానీ అప్పుడు 459.67 కూడా మారాలి. 273 × 1.8 = 491.4, 32 తీస్తే 459.4. ఒక వరుసలో 273, ఇంకో వరుసలో 459.67 కలిపి వాడితే జవాబు 0.27 డిగ్రీలు తేడా వస్తుంది. ఆప్షన్లు దగ్గర దగ్గరగా ఇచ్చినప్పుడు అదే కొంప ముంచుతుంది.

దీనికి పాత ప్రశ్న ఒకటుంది. కెల్విన్ అంకె, ఫారెన్‌హీట్ అంకె ఎక్కడ ఒకటవుతాయి? రెండిటినీ ఒకే అంకె అనుకుంటే, ఆ అంకెకు 0.8 రెట్లు 459.67కి సమానం అవుతుంది. భాగిస్తే 574.59. 273 వాడినవాళ్ళకు 459.4 ÷ 0.8 = 574.25 వస్తుంది. గైడులో 574.25 ఉందని, ఫోనులో 574.59 వచ్చిందని పిల్లలు ప్రతి ఏడాదీ టెన్షన్ పడతారు. రెండూ ఒకే లెక్క, మొదట తీసుకున్న అంకె వేరు.

ఈ 574.59 జవాబు సరిచూసుకోవడానికి కూడా పనికొస్తుంది. కెల్విన్ అంకె అంతకన్నా తక్కువైతే ఫారెన్‌హీట్ అంకె దానికన్నా చిన్నదిగా రావాలి, ఎక్కువైతే పెద్దదిగా రావాలి. 310 కింద 98.6 వచ్చింది, సరే. 6500కి 11,240 వచ్చింది, అదీ సరే. తిరగబడితే ఎక్కడో వరుస తప్పింది.

అసలు కెల్విన్‌లోకి ఎందుకు మార్చాలి?

వాయువుల లెక్క వచ్చినప్పుడు కెల్విన్ తప్ప ఇంకేదీ పనికిరాదు. ఆటో టైరు తీసుకోండి. పొద్దున్న టైరులో గాలి 80.6 ఫారెన్‌హీట్, మధ్యాహ్నం తారు రోడ్డు మీద తిరిగాక 116.6. టైరు సాగలేదనుకుందాం, గాలి దిగలేదనుకుందాం. పీడనం ఎంత పెరిగింది?

116.6ని 80.6తో భాగించేస్తే 45 శాతం పెరిగినట్టు వస్తుంది. అదే సెల్సియస్‌లో 47ని 27తో భాగిస్తే 74 శాతం. ఒకే టైరుకు రెండు జవాబులు, రెండూ తప్పే. సున్నా మన ఇష్టం వచ్చిన చోట పెట్టుకున్నప్పుడు నిష్పత్తికి అర్థం ఉండదు. పలాస నుంచి లెక్కపెట్టినవాడు ‘రెట్టింపు దూరం వచ్చాను’ అంటే ఇచ్ఛాపురం నుంచి బయల్దేరినవాడు ఒప్పుకోడు కదా.

కెల్విన్‌లోకి మార్చండి. 80.6 అంటే 300.15, 116.6 అంటే 320.15. భాగిస్తే 1.067, అంటే 6.7 శాతం దాకా పెరుగుదల. అదీ పరమ పీడనంలో. గాలి కొట్టే షాపులో గేజీ చూపించే అంకెకు వాతావరణ పీడనం కూడా కలుపుకుని ఈ లెక్క చేయాలి.

చల్లటి వైపు నుంచి ఒకటి. పశువుల ఆసుపత్రిలో కృత్రిమ గర్భధారణకు వీర్యం స్ట్రాలు దాచే క్యాను చూసే ఉంటారు, మూత తీస్తే తెల్లగా పొగలాంటిది వస్తుంది. లోపల ఉండేది ద్రవ నత్రజని, సుమారు 77 కెల్విన్. రెట్టింపు 154, పదో వంతు 15.4 తీస్తే 138.6, అందులోంచి 459.67 పోతే మైనస్ 321.07. మైనస్ 321 అని రాసుకోండి. చిన్న అంకెలోంచి పెద్దది తీసేటప్పుడు మైనస్ గుర్తు మర్చిపోవడం మామూలే. కెల్విన్‌లో 255.37 కన్నా తక్కువ ఉంటే జవాబు తప్పకుండా మైనస్‌లోనే రావాలి, ఎందుకంటే ఫారెన్‌హీట్ సున్నా, అదే మన పలాస, ఉన్నది అక్కడే.

రాసేటప్పుడు ఇంకొక్క మాట. ‘డిగ్రీల కెల్విన్’ అనకండి, చిన్న సున్నా గుర్తు పెట్టకండి. 1967లో తూనికలు కొలతల అంతర్జాతీయ సమావేశం ఆ డిగ్రీని తీసేసింది. 300 కెల్విన్ అంటే చాలు. ఫారెన్‌హీట్‌కి మాత్రం డిగ్రీ ఉండాలి.

చేసి చూడండి

ద్రవ ఆక్సిజన్ 90 కెల్విన్, ఫారెన్‌హీట్‌లో ఎంత? జీడిపప్పు ఆరబెట్టే ఓవెన్ 158 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తోంది, కెల్విన్‌లో ఎంత? నీళ్ళ ఉష్ణోగ్రత 25 కెల్విన్‌లు పెరిగింది, ఫారెన్‌హీట్‌లో ఎంత పెరిగినట్టు? మైనస్ 500 డిగ్రీల ఫారెన్‌హీట్‌ని కెల్విన్‌లోకి మార్చండి.

మొదటిదానికి మైనస్ 297.67. రెండోదానికి 343.15. మూడోదానికి 45, ఇక్కడ మైనస్ 414.67 రాసినవాళ్ళు నా ల్యాబ్ కథ ఇంకోసారి చదవండి. నాలుగోదానికి లెక్క మైనస్ 22.4 అని చెబుతుంది కానీ, అలాంటి ఉష్ణోగ్రత లేదు. ప్రశ్నే తప్పు.